గ్యాస్ బండ పండవెడితే మిగిలింది వస్తదా?

మూసీ_స్టౌ_రిపేరు: మంట తగ్గంగనే బండ పండవెట్టుడు నల్లగొండల ఇంటింటికీ ఉన్నది. బంద్ చెయ్యుండ్రి. లోపల ఉండేది ఒత్తిడికి ద్రవమైన ప్రొపేన్, బ్యూటేన్. స్టౌకు పోవాల్సింది పైన చేరిన ఆవిరి. పండవెడితే ద్రవమే రెగ్యులేటర్ల దూరుతది, బయటపడంగనే దాదాపు 250 రెట్లు ఉబ్బుతది. మంట ఒక్కసారిగ ఎగుస్తది.

జడ్చర్ల_టిఫిన్: పండవెడితే మంట లేస్తది. అది అబద్ధమా?

పాలమూరు_ఫిజిక్స్: అబద్ధం కాదు. ద్రవం ఆవిరైతాంటె వేడి గుంజుకుంటది, బండ సల్లబడుతది, ఒత్తిడి తగ్గుతది. రెండు పొయ్యిలూ జోరుగ మండితే ఇంకా సల్లబడుతది. పండవెడితే ద్రవం పరుసుకొని ఎక్కువ ఇనుముకు తగులుతది, బయటి వేడి ఎక్కువ అందుతది. అడుగున కొంచెమే ఉంటే అది వాల్వు దాకా రాదు, వాల్వు నడిమిట్ల ఉంటది గదా.

మూసీ_స్టౌ_రిపేరు: కొంచెమే అని ఎట్ల తెల్సింది? పండవెట్టి ఊకుంటరా, మూతి కిందికి వంచుతరు. అడుగున ఉన్న జిడ్డు, తుప్పు వాల్వులకొస్తది. సీలు సరిగ కూసోదు, లీకైతది.

పాలమూరు_ఫిజిక్స్: సమంగ పండవెడితే రాదంటున్న.

మూసీ_స్టౌ_రిపేరు: గచ్చు మీద దొర్లే బండ సమంగ ఉంటదా!

దేవరకొండ_17: ఎంత మిగిలిందో తెల్వాలంటె బండను తడిబట్టతోని తుడువుండ్రి. ద్రవం ఉన్నకాడ తడి ఆలస్యంగ ఆరుతది.

జడ్చర్ల_టిఫిన్: మీది వాల్వు పంచాయితి, మాది పైసల పంచాయితి. 14.2 కిలోలకు కట్టినం, రెండు కిలోలు తక్కువొచ్చింది. ఏజెన్సీల అడిగితే లీకై ఉంటది అన్నరు. చివరి చుక్క దాకా గుంజుకోక ఏం జెయ్యాలె?

పాలమూరు_ఫిజిక్స్: గదీ అసలు మాట. చివరి చుక్కల మీ నష్టం లేదు. బండల జాగ 33.3 లీటర్లు. ద్రవమంత అయిపోయి ఒత్తిడి బయటి గాలికి సమమైనంక లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు ఆవిరే మిగుల్తది, మొత్తం 80 గ్రాములకు అటూఇటూ. బోర్లించినా అది రాదు. రెండు కిలోలు పోయింది ఇంటికి రాకముందే.

మూసీ_స్టౌ_రిపేరు: అందుకే తీసుకునేటప్పుడే తూకం వేయించుండ్రి. బండ మెడకాడ ఖాళీ బరువు రాసుంటది. 15.6 ఉంటే కాంటా 29.8 చూపాలె. సీలు ఇప్పకముందే చూడాలె. మంట తగ్గితే నాబ్ బంద్ చేసి అరగంట నిలవెట్టుండ్రి, ద్రవం ఉంటే గది వేడికి ఒత్తిడి మళ్ల లేస్తది. మసిలే నీళ్లు మాత్రం పొయ్యొద్దు.

జడ్చర్ల_టిఫిన్: కాంటా అడిగితే తెచ్చినాయన మొహం మాడ్చుకుంటడు. ఈసారి కాంటా లేకుంటె బండ దించనియ్య.

దేవరకొండ_17: లీకు వాసనొస్తే 1906కు ఫోన్ చెయ్యుండ్రి. స్విచ్చులు ముట్టొద్దు, ఈ గ్యాస్ గాలికంటె బరువు, నేల మీదనే పేరుకుంటది.