ఈత అంతంతమాత్రమైన చేపకు ఈ సామెత నప్పుతుందా?

ప్రశ్న: ఐరోపా చల్లని వాగుల్లో బతికే కాటస్ గోబియో అనే చిన్న చేప గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. "చేపపిల్లకు ఈత నేర్పాలా?" అని శీర్షిక పెడదామనుకుంటే మా ఇంట్లోనే అభ్యంతరం వచ్చింది, దానికి ఈతే సరిగా రాదు కదా అని. మీరేమంటారు?

జవాబు (వరంగల్ నుంచి): శీర్షిక మార్చకండి. ఈ సామెతలో బరువంతా "నేర్పాలా" మీద ఉంది. కొత్తవాడలో జంపఖానా మగ్గం ముందు కూర్చున్న నేతన్న కొడుకును చూసి ఈ మాట అంటాం. పుట్టుకతో వచ్చినదానికి బడి అక్కర్లేదని.

మీ చేపకు పుట్టుకతో వచ్చింది అడుగున నిలదొక్కుకోవడం. చాలా చేపలను తేల్చే గాలితిత్తి దీనికి లేదు, ఈదడం ఆపితే కిందికి దిగిపోతుంది. అందుకే వెడల్పాటి రొమ్ము రెక్కలను రాళ్లకు ఆనించి ప్రవాహానికి ఎదురొడ్డి ఉంటుంది. పగలు బండ కింద నక్కుతుంది, రాత్రి పురుగుల లార్వాలను వేటాడుతుంది. కదిలితే ఒక్క ఉరుకు, మళ్లీ అడుగుకే.

సామెతను ఇరుకున పెట్టేది ఈత కాదు, తండ్రి. వసంతంలో మగచేప బండ కింద చోటు సిద్ధం చేస్తుంది. ఆడచేప తలకిందులుగా తిరిగి, బండ అడుగుభాగానికి గుడ్లు అతికించి వెళ్లిపోతుంది. ఆపైన మూడు నాలుగు వారాలు కాపలా మగదే. రెక్కలతో విసురుతూ గుడ్లకు కొత్త నీరు తగిలేలా చూస్తుంది. మధ్యలో కొన్నింటిని తానే తినేస్తుంది కూడా. అది పిల్లలకు చెప్పాలో వద్దో మీ ఇష్టం! మన చెరువుల్లో కొర్రమీను సైతం ఎర్రటి పిల్లల గుంపును వెన్నంటి కాస్తుంది. రెండూ కాసేవే, నేర్పేవి కావు.

ములుగు సభ్యుడు: తెలుగులో దీన్ని మన చెరువుల్లో దొరికే ఇసుకదొందు పేరుతోనే పిలిస్తే సరిపోదా?

జవాబు: వద్దండీ. ఇసుకదొందుకు ఒంటినిండా పొలుసులు, పొట్ట కింది రెక్కలు రెండూ కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి. కాటస్‌కు పొలుసులూ లేవు, ఆ గిన్నే లేదు. నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గితే అది తట్టుకోలేదు, మన దొందు వెచ్చని చెరువుల్లో హాయిగా ఉంటుంది. 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరులో "గోబియో" ఉన్నా, ఇది గోబీల కుటుంబానిది, అంటే మన దొందుల కుటుంబానిది కాదు. శాస్త్రీయ నామం ఒకసారి ఇచ్చి, తర్వాత "బండకింది చేప" అని రాసుకుపోండి.