ఆరడుగులు దాటిన మనిషికి మొదటి హ్యామక్: ఏ కొలత తీసుకోవాలి?

లంకగాలి:
ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, బరువు 92 కిలోలు. అమలాపురం దగ్గర కొబ్బరితోటలో రాత్రిపూట పడుకోడానికి హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల, కొనాలి. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపిస్తున్నది 270 × 140 సెంటీమీటర్లది. "డబుల్, 300 కిలోలు మోస్తుంది" అని రాశారు. నాకు సరిపోతుందా? తోటలో చెట్టుకీ చెట్టుకీ ఎడం 25 అడుగులు. చెట్లకి కట్టడానికి దాంతోపాటు వచ్చే పట్టీలు ఒక్కోటి 10 అడుగులు. దోమల సంగతి కూడా చెప్పండి.

నాలుగుగజాలు:
సరిపోదండి. డబుల్ అన్నది వెడల్పుకి పెట్టిన పేరు, పొడుగుకి కాదు. 300 కిలోలన్నది గుడ్డ చిరగదని చెప్పే లెక్క, మీ మోకాళ్ళకి దాంతో సంబంధం లేదు.

హ్యామక్‌లో నిలువునా పడుకోకూడదు. తల ఒక పక్కకీ కాళ్ళు ఇంకో పక్కకీ వచ్చేలా ఏటవాలుగా పడుకుంటేనే వెన్ను దాదాపు చదునుగా ఉంటుంది. దానికి తల దాటాకా, పాదాలు దాటాకా గుడ్డ మిగలాలి. 270 సెంటీమీటర్లంటే తొమ్మిది అడుగులు కూడా లేదు. మీ పాదాలు కొసన గుడ్డంతా దగ్గరకి చేరే కుచ్చు దగ్గరికి వెళ్ళిపోతాయి, అక్కడ గుడ్డ ఇరుకు. దాంతో మళ్ళీ మధ్యకి జారి అరటిపండులా వంగుతారు. పిక్కల కింద గుడ్డ గట్టుకట్టి, మోకాళ్ళు వెనక్కి నొక్కుకుపోతాయి. ఆరడుగులు దాటినవాళ్ళు గుడ్డ పొడుగు 11 అడుగులకి తగ్గనివ్వొద్దు. వెడల్పు అయిదడుగులు చాలు.

దొరక్కపోతే కుట్టించుకోవచ్చు. 70 డెనియర్ (దారం మందం లెక్క) రిప్‌స్టాప్ నైలాన్, అంటే చిరుగు పాకకుండా గళ్ళు గళ్ళుగా నేసిన గుడ్డ, నాలుగు గజాలు తీసుకుని, రెండు కొసలా అరడుగు చొప్పున మడిచి, లంగాకి బొందు ఎక్కించే మడతలా మూడు వరసలు కుట్టించండి. సరిగ్గా 11 అడుగులు వస్తుంది. దారం పాలిస్టర్‌దే అడగండి. నూలుదారం మన చెమ్మకి తొందరగా పుచ్చిపోతుంది.

ఇంకోటి, బిగించి కట్టొద్దు. చంటిపిల్లల చీర ఉయ్యాల ఎంత వదులుగా వేలాడుతుందో చూడండి, అదే పద్ధతి. ఈ కొస నుంచి ఆ కొసకి సాగని సన్నతాడు ఒకటి కట్టేస్తే వంపు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. గుడ్డ పొడుగులో 83 శాతం పెట్టండి: 11 అడుగులకి 9 అడుగుల ఒకటిన్నర అంగుళం. పడుకున్నాక దాన్ని రెండు వేళ్ళతో వంచితే వంగాలి. వీణ తీగలా ఉందంటే పట్టీలు మరీ బిగువుగా కట్టారన్నమాట.

గట్టుమీదచెట్టు:
గుడ్డ సంగతి పైన చెప్పారు. అసలు చిక్కు మీ తోటలో ఉంది.

పట్టీ నేలకి సమాంతరంగా కాకుండా 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో చెట్టు మీద మీ బరువంతే, 92 కిలోలు పడుతుంది. వాలు 15 డిగ్రీలకి తగ్గితే సుమారు 178. పదికి తగ్గితే 265. తాడు తెగడానికీ, కొక్కెం విచ్చుకోడానికీ కారణం చాలాసార్లు ఇదే, మనిషి బరువు కాదు.

ఇప్పుడు మీ 25 అడుగుల ఎడం లెక్కేయండి. రిడ్జ్‌లైన్ తొమ్మిది పోగా ఒక్కో వైపు ఎనిమిది అడుగులు మిగులుతుంది. 30 డిగ్రీలు రావాలంటే పట్టీ సుమారు 9 అడుగుల ఎత్తున కట్టాలి, అంటే నిచ్చెన. పట్టీ పొడుగు తొమ్మిది అడుగులకి పైన, మాను చుట్టడానికి ఇంకో మూడు. మీ పది అడుగుల పట్టీ చాలదు. చేతికందే ఆరడుగుల ఎత్తునే కట్టి, కూర్చునే చోటు నేలకి అడుగున్నర పైన ఉండేలా లాగితే వాలు పది పదకొండు డిగ్రీలే, ఒక్కో చెట్టు మీద 250 కిలోలు. అదే 14 అడుగుల ఎడం ఉన్న చెట్లయితే ఆరడుగుల ఎత్తు సరిగ్గా సరిపోతుంది.

ఇదంతా పక్కనపెట్టినా, కాపుమీదున్న కొబ్బరిచెట్టు కింద పడుకోవడమేంటండీ? కాయ రాలకపోతే ఎండుమట్ట రాలుతుంది. తాటిచెట్టూ అంతే. గట్టు మీద మామిడో వేపో చూసుకోండి, మాను కనీసం ఎనిమిది అంగుళాల మందం ఉండాలి. సముద్రం పక్క సరుగుడు తోటల్లో చెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయిగానీ చాలావరకు సన్నం. మునగ మాత్రం వద్దు. మునగచెట్టు ఎక్కించడమనే మాట ఊరికే రాలేదు. ఇటుక స్తంభాలకీ కట్టొద్దు, పక్కకి లాగే బరువు వాటికి పడదు.

పట్టీ అంగుళం వెడల్పు పాలిస్టర్‌ది తీసుకోండి. నైలాన్ పట్టీ సాగుతుంది, తెల్లారేసరికి నడుం నేలకి తగులుతుంది. కొక్కెం మీద 12 కిలోన్యూటన్లని (సుమారు 1200 కిలోల లాగుడు) అచ్చు ఉండాలి. తాళంచెవుల కొక్కెం వాడకండి.

లంకగాలి:
గట్టు మీద రెండు మామిడిచెట్లు ఉన్నాయి, ఎడం 14 అడుగులే. కానీ కొరికే ఎర్రచీమలు. పైగా దోమలు.

నాలుగుగజాలు:
దోమ పైనుంచే కుడుతుందనుకోవద్దు. పలచటి గుడ్డ ఒంటికి అతుక్కున్నచోట కిందనుంచి కూడా కుడుతుంది. రెండు పొరల గుడ్డ తీసుకుని మధ్యలో సన్న ఫోమ్ చాప దూర్చండి, లేదా హ్యామక్ మొత్తాన్ని కిందదాకా కప్పే తెర తీసుకోండి. పైన మాత్రమే ఉండే తెర కొంటే చాప తప్పదు.

చీమలకి పట్టీయే వంతెన. పట్టీకీ హ్యామక్‌కీ మధ్య జానెడు తాడు పెట్టి దానికి వేజలీన్ దట్టంగా రాయండి. పట్టీకి రాస్తే ముడి జారుతుంది. చీమలగూడు ఉన్న కొమ్మ కింద మాత్రం ఏం రాసినా లాభం లేదు, పైనుంచి రాలతాయి.

వానకి పైన కట్టే బరకం పొడుగు 12 అడుగులు ఉండాలి. పట్టీ వెంబడి జారే నీళ్ళకి, హ్యామక్ కొస దగ్గర బరకం నీడలోనే ఒక నూలుతాడు ముక్క కట్టి కిందకి వదిలేయండి. నీళ్ళు దాని వెంట కారిపోతాయి.

గట్టుమీదచెట్టు:
తోట ఏటిగట్టుకి లోపలుందా, లంకలోనా? లంకలో అయితే వరదరోజుల్లో వద్దు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ తర్వాత అక్కడ మంచమైనా ఒకటే, ఉయ్యాలైనా ఒకటే.