తెలుగు పుస్తకంలో వరుసల మధ్య జాగా ఎంత ఉండాలి?

గుడిదీర్ఘం
నిన్న ఒక కథల సంపుటి కొన్నాను. డెమ్మీ సైజు, 160 పేజీలు. మూడో కథ దగ్గర మూసేశాను, కథలు బాగాలేక కాదు. పై వరుసలో ‘రాష్ట్రం’ కింద వేలాడే వత్తులు కింది వరుసలో ‘కీ’ గుడిదీర్ఘం నెత్తిన కూర్చున్నాయి. ఏ ముక్క ఏ అక్షరానిదో తేల్చుకోవడంతోనే సరిపోయింది. ఇంగ్లిషు అక్షరానికి కింద ఒక తోక దిగితే ఎక్కువ. మనకు వత్తు కింద వత్తు, పైన గుడి. అయినా తెర మీద కొలతలు చాలాచోట్ల ఇంగ్లిషువే. నా ఫోనులో బిల్లులు కట్టే ఒక యాప్‌లో ‘చెల్లించండి’ అన్న బటన్‌కు అడుగు తెగి ‘చెలించండి’ అని కనిపిస్తుంది. నెలనెలా డబ్బు కట్టేటప్పుడు చలించడం నిజమే అనుకోండి. వరుసల మధ్య మరికాస్త జాగా వదలడానికి మనవాళ్లకు ఏమిటి అడ్డు?

తాటాకు
మన పెద్దలు తాటాకుల మీద పదానికీ పదానికీ మధ్య కూడా జాగా వదలలేదు. పేరాలు లేవు, కామాలు లేవు. అలాగే చదివారు, వ్యాఖ్యానాలు రాశారు. 35 ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. చదవాలని లేనివాడు ముందు అక్షరం సైజు మీద నెపం పెడతాడు, తర్వాత కాగితం మీద.

పల్లెబడి
ఇంతకీ ఆ పుస్తకం పేరేమిటి?

సీసం
అడ్డు ఏమిటో నేను చెబుతాను. మొదట కంపోజిటర్ని, తర్వాత డీటీపీ. సీసపు అక్షరాల కాలంలో జాగా అంటే వరుసల మధ్య పెట్టే సీసపు బద్ద. చేత్తో పట్టుకుంటే బరువు తెలిసేది. ఇప్పుడు అది కంప్యూటర్లో ఒక అంకె. 18 పాయింట్లున్న వరుసను 20 చేస్తే కళ్లకు హాయే, కాదనను. కానీ మీ 160 పేజీల పుస్తకం 178 అవుతుంది. ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలను ఫారం అంటాం, ఫారానికి 16 పేజీలు. పది ఫారాల పుస్తకం పదకొండులో పట్టదు, ఎందుకంటే 176 దగ్గర పదకొండో ఫారం నిండిపోతుంది. రెండే రెండు పేజీల కోసం పన్నెండోది ఎక్కాలి. అందులో 14 తెల్ల పేజీలు. వాటి డబ్బు ఎవరిస్తారు?

వేపచెట్టు
అర ఫారం వేయకూడదా? 8 పేజీలతో పోతుంది.

సీసం
వేయొచ్చు. అప్పుడూ ఆరు తెల్ల పేజీలు. ప్రెస్సువాళ్లు అర ఫారానికి సగం డబ్బే తీసుకుంటారనుకుంటున్నారా?

గుడిదీర్ఘం
తాటాకు గారూ, ఆ ఆకుల మీద ఉన్నవాటిలో ఎక్కువ పద్యాలు. పాదం ఎక్కడ ముగిసిందో యతిప్రాసలు చెబుతాయి. చదివేవారికి సగం ముందే నోటికి వచ్చు. వచనానికి ఆ ఊతం లేదు, జాగాయే ఊతం. వెబ్ పేజీలకు 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు అని ఉంది.

తాటాకు
వెతికి చదివాను. పాఠకుడు తనంతట తాను ఒకటిన్నర రెట్లకు పెంచుకుంటే పేజీలో ఏదీ తెగిపోకూడదని మాత్రమే ఉంది. అంతే పెట్టాలని ఎక్కడుంది?

గుడిదీర్ఘం
సరే, ఆ మాట తప్పుగా చెప్పాను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

తాటాకు
ఆధారమే తప్పయినప్పుడు ప్రశ్న ఎలా ఉంటుంది?

రెండో కాఫీ
వర్డ్‌లో గౌతమి ఫాంటు పెట్టి చూడండి. వరుసల మధ్య ఎడ్లబండి పోతుంది. జాగా చాలదన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తరు.

కథల పెట్టె
ఇంతసేపూ చదివేవాళ్ల కళ్ల గురించే మాట్లాడుతున్నారు. రాసేవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. నా మొదటి సంపుటిలో ఒక కథ చివర కోడలు గిన్నెలు కడిగి బోర్లించి, తాళంచెవి గూట్లో పెడుతుంది. అక్కడ పేరా ఆపాను. కింద విడిగా ఒకే మాట: ‘వెళ్లిపోయింది.’ పుస్తకం చేతికి వచ్చాక చూస్తే ఆ మాట పై పేరాలో కలిసిపోయి ఉంది. గిన్నెలు కడిగింది, తాళం పెట్టింది, వెళ్లిపోయింది. కూరగాయలకు వెళ్లినట్టుంది! ఒకావిడ ఫోను చేసి “తర్వాత తిరిగి వస్తుందా?” అని అడిగారు. ఆ సంపుటి అచ్చుకు డబ్బు పెట్టింది నేనే. సీసం గారు అడుగుతున్న డబ్బు ఎవరిస్తారంటే, మా వంటివాళ్లమే ఇస్తాం. ఇచ్చి, అడిగే హక్కు లేకుండా ఉంటాం.

సీసం
ప్రూఫు మీకు పంపలేదా?

కథల పెట్టె
పంపారు. దిద్దాను. దిద్దిన తర్వాత కలిపారు.

తాటాకు
ఒక్క పేరా కలిస్తే కూలిపోయే కథ అసలు కథేనా? మంచి వచనం ఎలా పేర్చినా నిలబడుతుంది. ఈ ఒంటి మాటల పేరాలన్నీ ఫోన్లలో రాసే అలవాటు తెచ్చిన జాడ్యం.

కథల పెట్టె
నేను కాగితం మీద, పెన్నుతో రాస్తానండీ. మీ విద్యార్థి సీసపద్యం నాలుగు పాదాలనూ ఒకే పేరాగా కలిపి రాసుకొస్తే మార్కులు వేసేవారా?

తాటాకు
పద్యం వేరు.

కథల పెట్టె
ఎందుకు వేరు? పద్యంలో పాదం ఎక్కడ విరగాలో కవి ఇష్టం. నా కథలో పేరా ఎక్కడ విరగాలో మాత్రం ప్రెస్సు ఇష్టమా? మీకు వచనం రాత కాదు, సమాచారం. ఆ మాట సూటిగా చెప్పండి, జాగా గొడవ ఇక్కడితో వదిలేద్దాం.

వేపచెట్టు
కొంచెం నిదానం. ఇద్దరూ పెద్దవాళ్లు.

గుడిదీర్ఘం
ఆవిడ అన్నది నిజం. నేను కూడా జాగాను సౌకర్యంగానే చూశాను. మరొకటి చెప్పాలి. తెర మీద వరుసలు గుద్దుకుంటాయని నా బ్లాగులో ‘స్త్రీ’ అని రాయడం మానేసి ‘మహిళ’ అని రాస్తున్నాను. రెండేళ్లయింది. ఇప్పుడు ఆ మాట మనసులోకే రావడం లేదు.

సీసం
కథల పెట్టె గారూ, మీ పుస్తకం చేసింది నేను కాదు. కానీ అలాంటివి నేనూ కలిపాను. ఇందాక చెప్పానే, ఆ మిగిలిన రెండు పేజీలు. పబ్లిషరు రాత్రి ఫోను చేసి “పదకొండు ఫారాల్లో సర్దు” అంటాడు. అక్షరం తగ్గిస్తే కనిపిస్తుంది, వరుస బిగిస్తే వత్తులు తగులుతాయి. ఇక దొరికేవి ఒంటి మాటల పేరాలే. ఒక్కోటీ పైకి లాగితే ఒక్కో వరుస కలిసొస్తుంది. ఓపిక పడితే రెండు పేజీలు దిగుతాయి. ఎన్ని లాగానో లెక్క లేదు. ఏ కథలోనివో చదవలేదు. చదువుతూ కూర్చుంటే పని సాగదు, పేజీకి ఇంత అని మా కూలి. ముఖచిత్రం వేసినవారి పేరు లోపల వేస్తారు. మా పేరు ఎప్పుడైనా చూశారా?

కథల పెట్టె
లేదు. నా పుస్తకాల్లోనూ వేయించలేదు. ఎవరు చేశారో కూడా తెలియదు.

తాటాకు
చర్చ దారి తప్పింది. ఒకటిన్నర రెట్లు అన్న విషయం ఇంకా తేలలేదు.

పల్లెబడి
పుస్తకం పేరు చెప్పనేలేదు.