రొయ్యల ట్రేలకి ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ పనిచేస్తుందా? వైజాగ్‌లో ఎవరైనా వాడారా?

వైజాగ్‌లో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో స్టోర్స్ చూస్తానండి. చెరువులకి ప్లాస్టిక్ ట్రేలు పంపిస్తాం, సరుకుతో కొన్నే తిరిగొస్తాయి, మిగతావి ఏ డ్రైవర్ ఇంట్లోనో ఏ చెరువు గట్టు మీదో ఉండిపోతాయి, కోడిపిల్లల్ని పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు, మళ్లీ కొత్తవి కొనాలి, అంత ప్లాస్టిక్ దండగ. దానికి తోడు ఎక్స్‌పోర్ట్ బయ్యర్లు సరుకు ఏ చెరువుదో చూపించమంటున్నారు. ట్రేకి ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ (రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే చిప్పు) వేస్తే రెండు పనులూ అయిపోతాయని మా సార్.

కారు అద్దం మీద ఫాస్టాగ్ కూడా ఇదే కదా, బ్యాటరీ లేని ట్యాగు, మన దేశంలో దీని రేడియో బ్యాండ్ 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలు. కానీ ఆ తరంగాల్ని నీళ్లు పీల్చేస్తాయి, లోహం తిప్పికొడుతుంది. మాకేమో ట్రే నిండా ఐసూ నీళ్లూ, ట్రాలీలు స్టీలువి. ఒకదాని మీద ఒకటి పేర్చి గేట్ రీడర్ దాటిస్తే మధ్యలో ఉన్న ట్రేలు చదువుతుందా? రోజూ క్లోరిన్ నీళ్లతో కడుగుతాం, స్టిక్కర్ నిలబడుతుందా లేక రివెట్ కొట్టే గట్టి ట్యాగే మేలా?

ఇంకో డౌటు. ప్లాస్టిక్ తగ్గించడానికి అని మళ్లీ చిప్పు, అల్యూమినియం యాంటెనా అంటిస్తున్నాం, ట్రే విరిగిపోయాక రీసైక్లింగ్‌కి ఇచ్చేటప్పుడు ట్యాగ్ పీకేసి ఇవ్వాలా?

క్యూఆర్ కోడ్ చాలు కదా అనకండి, తడి గ్లోవ్స్‌తో నైట్ షిఫ్ట్‌లో ఒక్కో ట్రే స్కాన్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్, అమ్మేవాళ్లు వద్దు బాబూ.