కమాన్ కట్టకు పట్టీ ఎక్కించాలా, షాకబ్జర్లు మార్చాలా?

పల్నాడు_బండి:
అన్నలకు నమస్కారం. నాది 1.3 టన్నుల పికప్, కొని నాలుగేళ్లయింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేస్తాను. మిగతా నెలల్లో ఇంటి సామాన్లు, కూరగాయలు, ఏది తగిలితే అది. సగం రోజులు ఖాళీ బండే తిరుగుతుంది. లోడ్ వేస్తే వెనక బాగా కూర్చుంటోంది. గుంత వస్తే ఇరుసు వెళ్లి రబ్బరు స్టాపర్‌కి తగిలి ఢబ్ మంటోంది. ఆటోనగర్‌లో చూపిస్తే రెండు వైపులా కమాన్ కట్టకి (ఇరుసు దగ్గర బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట) చెరో పట్టీ ఎక్కిస్తే సరిపోతుందన్నారు. మా బావ మాత్రం పట్టీలొద్దు, మంచి కంపెనీ షాకబ్జర్లు వేయించు అంటున్నాడు. నా దగ్గర ఒకదానికే డబ్బుంది. ఏది చేయించమంటారు?

ఏలూరు_రోడ్డు:
పట్టీయే వేయించు తమ్ముడూ. నేను ఆరేళ్ల కిందట వేయించాను, ఇప్పటిదాకా బండి వెనక వంగలేదు. ఖాళీగా వెళ్తే కాస్త ఎగిరెగిరి పడుతుంది, నిజమే. కానీ కిరాయి వచ్చేది లోడ్ బండికే కదా. సీట్లో కూర్చున్నవాడి నడుం చూసుకుంటే పిల్లల ఫీజులు ఎవరు కడతారు?

కమాన్_పని:
ఆటోనగర్‌లో కమాన్ షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేశాను. పట్టీలెక్కించే ఇల్లు నడుపుకున్నాను. ఆ పని మీద నాకు గౌరవమే. అయినా అడగ్గానే పట్టీ ఎక్కించేయడం నాకు ఇష్టం ఉండదు.

ముందు మీ బావ గారి మాట. షాకబ్జర్ బరువు మోయదు. మోసేది కమాన్ కట్ట. కట్ట నొక్కుకుని తిరిగి లేచేటప్పుడు ఆ ఊపుని ఆపడమే షాకబ్జర్ పని. ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా లోడ్‌తో వెనక కూర్చునే బండి కూర్చునే ఉంటుంది.

అలాగని పట్టీయే మందు అనడానికీ లేదు. నాలుగేళ్ల బండి ఇప్పుడు కొత్తగా ఎందుకు కూర్చుంటోంది? కొన్నప్పుడు ఇదే లోడ్ మోసింది కదా. బండిని సమంగా ఉన్న నేల మీద ఖాళీగా నిలబెట్టండి. చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా టేపుతో కొలవండి. రెండు వైపులా రాసుకోండి. మామూలుగా వేసే లోడ్ వేసి మళ్లీ కొలవండి. ఒక వైపు మాత్రమే ఎక్కువ దిగితే ఆ కట్టలో పట్టీ విరిగి ఉండొచ్చు. సెంటర్ బోల్ట్ దగ్గర కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. మట్టి, తుప్పు మధ్యలో సన్నగా వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది పగులు. దాని మీద కొత్త పట్టీ ఎక్కించినా ప్రయోజనం లేదు.

ఇంకొకటి, పట్టీ మందం ఎంత అని మీరు అడగాలి, ఎవరూ అడగరు. ఒకే మందం పట్టీలు ఐదుంటే, అలాంటిది ఇంకొకటి వేస్తే కట్ట సుమారు ఐదో వంతు గట్టిపడుతుంది. అదే 8 మిల్లీమీటర్ల చోట 10 మిల్లీమీటర్లది దొరికిందని వేస్తే, ఆ ఒక్క పట్టీయే 8 మిల్లీమీటర్లవి రెండు వేసినంత గట్టిగా ఉంటుంది. పాత లారీ కట్ట నుంచి కోసిన ముక్కను "ఇది ఇంకా స్ట్రాంగ్" అని వేసేవాళ్లున్నారు. మిర్చి సీజన్ మూడు నెలలు దాని మీద బాగానే నడుస్తుంది. మిగతా తొమ్మిది నెలలు ఖాళీ బండి ఎగిరి ఎగిరి ఛాసిస్ బ్రాకెట్ల దగ్గర, కట్ట చివర్ల రబ్బరు బుష్‌ల దగ్గర దెబ్బ తింటుంది.

ఏలూరు_రోడ్డు:
గురువుగారూ, నా బండిలో ఏదీ విరగలేదే. ఆరేళ్లు చిన్న కాలమా?

కమాన్_పని:
విరగకపోవడం మంచిదే. కానీ మీ బండి వెనక ఇరుసు దగ్గర ఒక సన్నటి కడ్డీ ఉందేమో చూడండి. చాలా పికప్‌లలో ఉంటుంది. ఆ కడ్డీ ఇరుసుకీ, ఛాసిస్ మీదున్న బ్రేకు వాల్వ్‌కీ మధ్య ఉంటుంది. లోడ్ పడి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక చక్రాలకు బ్రేకు ప్రెషర్ ఎక్కువ వదలమని వాల్వ్‌కి చెబుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది, లేకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు లాక్ అయి తోక పక్కకు తిరుగుతుంది. ఇప్పుడు మీరు పట్టీ ఎక్కించారు. టన్నున్నర వేసినా బాడీ దిగలేదు. ఆ వాల్వ్‌కి మీ బండి ఖాళీ బండి. వెనక బ్రేకు సగమే పనిచేస్తుంది, ఆగే భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది.

నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు. మేం పట్టీలెక్కించిన ఒక బండి రెండు నెలలకోసారి ముందు ప్యాడ్‌లు తినేస్తోందని మళ్లీ మళ్లీ వచ్చేది. చివరికి వానాకాలంలో కాజ టోల్ దగ్గర లోడ్‌తో ఆగక ముందున్న ట్రాలీకి ఆనింది. డ్రైవర్‌కి ఏమీ కాలేదు. అప్పుడు కిందికి దూరి చూశాం, కడ్డీ ఖాళీ బండి స్థానంలోనే ఉంది. పట్టీ వేసిన మేమే దాన్ని సెట్ చేయలేదు. ఆ తప్పు మాది. అప్పటి నుంచి కట్ట ముట్టుకుంటే, కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన కొలత ప్రకారం ఆ కడ్డీని సరిచేయకుండా బండి బయటికి పంపలేదు.

ఏలూరు_రోడ్డు:
ఇది నాకు తెలియదు. నా ముందు ప్యాడ్‌లు కూడా త్వరగానే పోతాయి. రోడ్లు అలా ఉన్నాయనుకున్నాను. రేపే చూపిస్తాను. అయినా పట్టీ తీసేయమంటే తీయను.

కృష్ణలంక_4×4:
నాది సొంతానికి వాడుకునే ఇసుజు వి-క్రాస్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగ్, వెనక కమాన్. నేను బయటి కంపెనీ సెట్ వేయించుకున్నాను కాబట్టి రెండు మాటలు. ఆ కంపెనీలు స్ప్రింగులు అమ్మేది ఎప్పుడూ మోసే బరువును బట్టి. ఖాళీ బండికి ఒకటి, 300 కిలోలకి ఒకటి, ఆపైన ఇంకొకటి. నేను క్యాంపింగ్‌కి వెళ్తాను కదా అని హెవీ కొన్నాను. వెళ్లింది ఏడాదికి రెండు సార్లు. మిగతా రోజులు బెంజ్ సర్కిల్ నుంచి ఆఫీసుకి నేను, లాప్‌టాప్ బ్యాగు. వెన్ను నొప్పి వచ్చింది, మీడియం స్ప్రింగులు మళ్లీ కొనాల్సి వచ్చింది. ఏడాదిలో ఎక్కువ రోజులు మోసేది చూసి కొనండి, ఎప్పుడో ఒకనాడు మోసేది చూసి కాదు.

అడ్జస్టబుల్ షాకబ్జర్ల మీద నాబ్ తిప్పి ఎత్తు పెంచొచ్చు అని చాలామంది అనుకుంటారు, అది మెత్తదనాన్ని మాత్రమే మారుస్తుంది. నేను పూర్తిగా మెత్తగా పెట్టి, రోజూ వెళ్లే ఒకే స్పీడ్ బ్రేకర్ మీద ఒకే వేగంతో వెళ్తూ ఒక్కో క్లిక్ పెంచాను. దాటాక బండి రెండోసారి ఊగడం ఆగిన చోట ఆపేశాను. ముందు ఎత్తు పెంచినవాళ్లు అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల లెవెల్ రెండూ చేయించాలి.

గుంటూరు_ఆర్సీ:
ఒక సంగతి మర్చిపోకండి. పట్టీలెన్ని ఎక్కించినా ఆర్సీలో రాసిన బరువు పెరగదు. 2019 సవరణ తర్వాత కేంద్ర మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, పైన ఎక్కువున్న ప్రతి టన్నుకి ఇంకో 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి కూడా.

పల్నాడు_బండి:
అందరికీ దండాలు. కొలిచాను. ఖాళీగా ఎడమ వైపు రెండున్నర సెంటీమీటర్లు తక్కువుంది. 28 టిక్కీలు వేస్తే ఆ తేడా నాలుగు దాటింది. గుడ్డతో తుడిచి చూస్తే గురువుగారు చెప్పిన గీత రెండో పట్టీలో కనిపించింది, చేత్తో తాకితే గోరు పట్టింది. కుడివైపు కట్ట బాగానే ఉంది. ఆ కడ్డీ కూడా ఉంది, మట్టి పట్టి కదలకుండా బిగుసుకుపోయింది.

ఎడమ కట్ట ఒక్కటే మార్చనా, రెండూ మార్చనా? లోడ్ పడ్డాకే ఆనే హెల్పర్ పట్టీ కింద వేయమని షెడ్డులో ఇప్పుడు ఇంకో మాట అంటున్నారు.

కమాన్_పని:
రెండూ మార్చండి బాబూ. ఒక వైపు కొత్తది, ఒక వైపు నాలుగేళ్ల పాతది పెడితే బండి ఒరిగే నడుస్తుంది. కంపెనీ కొలతలవే వేయించండి. హెల్పర్ పట్టీ మీ పనికి సరిపోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు అది ఆనదు కాబట్టి బండి మెత్తగానే ఉంటుంది. కానీ కొత్త కట్టలు వేసి ఒక నెల లోడ్‌తో తిరిగాక, అప్పటికీ రబ్బరు కొడితేనే వేయించండి. కట్టను ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు పాతవి వాడనివ్వకండి. బుష్ బోల్టులు బండి జాకీ మీద ఉండగా చివరి బిగింపు చేయకూడదు, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరిగిపోతుంది.

ఏలూరు_రోడ్డు:
హెల్పర్ ఇప్పుడే వేయించు తమ్ముడూ. మళ్లీ నెల తర్వాత షెడ్డు కూలీ, ఒక రోజు కిరాయి పోవడం ఎందుకు? ఈ ఒక్క విషయంలో గురువుగారితో నేను ఏకీభవించను.

పల్నాడు_బండి:
సోమవారం యార్డు పని అయ్యాక బండి పెడుతున్నాను. కడ్డీ మాత్రం దగ్గరుండి సెట్ చేయిస్తాను. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలట కదా, అది లోడ్‌తో బిగించాలా, ఖాళీగానా?

కమాన్_పని:
అది మీ బండి మాన్యువల్‌లో ఎలా చెబితే అలా, సమంగా ఉన్న నేల మీద. ఏ నట్టునీ ఒకేసారి పూర్తిగా బిగించకుండా, నాలుగింటినీ ఎదురెదురుగా కొంచెం కొంచెం.