సమస్య: "దగ్గరైన కొలది దవ్వు దివము"

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; ముందటి మూడు పాదాలు రాసి పూరణ చెయ్యాలె. 'దవ్వు' అంటే దూరం. 'దివము' అంటే స్వర్గమూ అయితది, ఆకాశమూ అయితది. ఆ సందులోంచి ఎవరన్నా దూరుతరనే ఇచ్చిన.

దూరింది హన్మకొండ టీచరమ్మ. పద్మాక్షి గుట్ట ఎక్కి దిగినంక రాసిందట:

గుట్ట మీద నింగి కూర్చున్నదనుకొంటి
మెట్టు మెట్టునెక్కి మీదికేగ
చెరువు దాటిపోయె చేతికందక తాను
దగ్గరైన కొలది దవ్వు దివము

'కూర్చున్నది' అన్న మాటకే మార్కులన్నీ. 'మీదికేగ' మాత్రం పుస్తకం వాసన.

కాజీపేట రైల్వే సారు ఖిలా వరంగల్ పోయిండు:

నాల్గు దిక్కులందు నాలుగు తోరణాల్
నడుమ గుడియె లేదు నాటి నుండి
వాకిలైతె తెరిచె వాని జాడే లేదు
దగ్గరైన కొలది దవ్వు దివము

స్వయంభూ శివాలయం పోయి తోరణాలే మిగిలిన సంగతిని ఎత్తుకున్న తీరు బాగుంది. కానీ దగ్గరైందెవరు? టీచరమ్మ పట్టుకున్నది అదే: "సార్, నడిచేటోడు పద్యంల లేడు. మన బమ్మెర పోతన ఏనుగూ మడుగు దాటి రాలేదు గని, మొరన్న పెట్టింది!" సారు నవ్విండు, పూరణ మాత్రం మార్చలే.

రాత్రి 11 గంటలకు జగిత్యాల తమ్ముడిది వచ్చింది. ఆయన ఉన్నకాడ అప్పుడు 9:30.

స్వర్గమనుచు జెప్ప జని దుబాయికి నేను
మేడ మీద మేడ మోసినాను,
ఇల్లె సొర్గమాయె నీడకొచ్చిన నాడు
దగ్గరైన కొలది దవ్వు దివము

రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరం జోడు కుదురుడు, తప్పింది. 'మే'కు 'మో' పొసగదు. 'మింట గడితి' అనమన్న. యతి కుదురుతది, మేడ ఆకాశంల లేస్తది, నాకైతే మస్తు నచ్చింది. తమ్ముడు ఒప్పుకోలే. "అన్నా, కట్టుడు మేస్త్రీలు కడ్తరు. నాది మోసుడే."

కొంచెం సేపు ఎవ్వరం ఏం రాయలే. టీచరమ్మ 'మోసినాను'ను ముట్టకుండ పాదం ముందుభాగం మార్చింది:

మూట మీద మూట మోసినాను

ఊకారానికి ఓకారం, యతి సాఫు. "సిమెంటు మూటలేనమ్మా, 50 కిలోలయి" అన్నడు తమ్ముడు.

ఇంకోటి. మొదటి పాదంల 'స్వర్గం', మూడో పాదంల 'సొర్గం'. రెండూ ఒక్కతీరు దిద్దుమన్నడు రైల్వే సారు. నేనైతే దిద్దనియ్య. కావాలనే రాసినవా తమ్మీ అని అడిగితే, "లేదన్నా, మా అమ్మ అట్లనే అంటది" అన్నడు.