బాల్ పైథాన్‌కు వేరే టబ్బుల తిండి పెడితే చేతి మీదికి రాకుండ ఉంటదా?

సాగర్_రోడ్ (నల్లగొండ)
అందరికీ నమస్తే. నా దగ్గరున్నది ఆడ బాల్ పైథాన్ (ఆఫ్రికా దిక్కు చిన్న కొండచిలువ జాతి), ఏడాదిన్నర, 640 గ్రాములు. సర్కారు దగ్గర రిజిస్ట్రేషన్ అయింది. నాలుగడుగుల పెట్టె, వెచ్చటి దిక్కు 32 డిగ్రీలు, చల్లటి దిక్కు 26. పది రోజులకొక ఎలుక, ఫ్రీజర్‌ది కరిగించి పెడుతున్న. పెట్టె తలుపు జరిపితే చాలు, నాలుక ఆడించుకుంట చేతి దిక్కే వస్తున్నది. పెట్టెల్నే తినిపిస్తే చెయ్యంటే తిండి అనుకుంటది, వేరే టబ్బుల పెట్టాలె అన్నరు. రెండుసార్లు చూసిన. మొదటిసారి ముట్టలేదు. రెండోసారి తిన్నది, ఎత్తి పెట్టెల వేసిన, తెల్లారి కక్కింది. ఇప్పుడేం చెయ్యాలె?

పిల్లలమర్రి_నీడ (పాలమూరు)
అన్నా, ముందుగాల కక్కుడు సంగతి చూడుండ్రి. 14 రోజులు తిండి వద్దు, చేతికి తీసుకునుడు వద్దు, మంచినీళ్లు మాత్రం రోజూ మార్చండ్రి. కక్కినప్పుడు కడుపుల ఆమ్లం గొంతు దాక వస్తది, లోపలి పొర మానాలె. తొందరపడి మళ్ల పెడితే మళ్ల కక్కుతది, ఒళ్లు గుంజుకపోతది. పదిహేనో రోజు మామూలు దాంట్ల సగం సైజుది పెట్టండ్రి. అది కూడ కక్కితే పాములు చూసే పశువైద్యునికి చూపెట్టాలె.

ఇగ టబ్బు. పాము పెట్టెను చూసి తిండి అనుకోదు; వాసన, వేడి చూసి అనుకుంటది. బాల్ పైథాన్‌కు పై పెదవి పొంటి వేడి పసిగట్టే గుంటలుంటయ్. ఎలుకను ముట్టిన చెయ్యి సబ్బుతో కడగకుండ పెడితే దానికి చెయ్యి, ఎలుక ఒక్కటే. తిన్నంక కూడ చానాసేపు వేట ధ్యాసల్నే ఉంటది. సరిగ్గ అప్పుడే మీరు టబ్బుల చెయ్యి పెట్టి, నిండు కడుపు మీద పట్టుకొని ఎత్తుతున్నరు. కాటు పడేది, కక్కేది రెండూ గక్కడ్నే. పైగా ఇది బిడియపు జాతి, దాక్కునే చోటు లేని టబ్బుల తినకపోవుడు వింత కాదు.

భయంతోని మడుచుకున్న పాము వెనకకు జరుగుతది, బుస కొడుతది, కాటేసి వదిలేస్తది. ఆకలి పాము ముంగటికొస్తది, పట్టి చుట్టుకుంటది. మీది రెండోది. దానికి "ఇయ్యాల తిండి లేదు" అని తెలిసే గుర్తు కావాలె. తిండి లేని రోజు తలుపు జరపంగనే కొక్కెంతోని (పామును ఎత్తే వంకీ కర్ర) నడుము మీద మెల్లగ రాయండ్రి, నాలుగైదు సెకన్లు. తల ముంగటికే వస్తే చుట్టిన కాగితం గొట్టంతోని మూతిని పక్కకు జరపండ్రి. మెడ సడలి నాలుక నిదానమైనంక పక్క నుంచి, నడుము కింద రెండు చేతులు పెట్టి ఎత్తండ్రి. పైనుంచి చెయ్యి దించితే గద్ద వచ్చినట్టే దానికి. మొదట్ల 5 నిమిషాలు, తర్వాత 15, వారానికి రెండు మూడు సార్లు. తిండి రోజు కొక్కెం ముట్టనే వద్దు. పొద్దుగూకినంక 30 సెంటీమీటర్ల పట్కారుతోని పెట్టెల్నే ఇయ్యండ్రి. తిన్నంక 48 గంటలు, కుబుసానికి కళ్లు పాలరంగు తిరిగినప్పుడు జోలికి పోవద్దు.

కొబ్బరిపీచు
టబ్బు పూర్తిగా దండగ అంటే ఒప్పుకోను. మట్టి, పీచు పరిచిన పెట్టెలో తడి ఎలుకను లాక్కెళ్లి నోటినిండా చెత్తతో మింగే కార్న్ స్నేక్‌లకు (ఇంకో పెంపుడు పాము జాతి) అది పనికొస్తుంది. అయితే చేతితో తిరిగి ఎత్తకూడదు. మూతకు చిన్న చిన్న చిల్లులు పెట్టి, అడుగున న్యూస్‌పేపర్ వేసి, పామును 15 నిమిషాల ముందే అందులో ఉంచాలి. మింగడం అయ్యాక గంట ఆగి, టబ్బును పెట్టె లోపల పక్కకు వాల్చి మూత తీసి వదిలేస్తే అదే నడిచి వెళ్తుంది. బాల్ పైథాన్‌కు ఇంత కష్టం అక్కర్లేదు, ఎలుక కింద ఒక పలక పెడితే చాలు.

ఎలుకను కరిగించే పద్ధతి కూడా చెప్తాను. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. తర్వాత జిప్ కవర్‌లో వేసి 40 డిగ్రీల నీళ్లలో 15–20 నిమిషాలు, నీళ్లు చల్లారితే మార్చుతూ. పొట్టను వేలితో నొక్కితే లోపల గట్టిగా, చల్లగా తగలకూడదు. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట ఉడికి ఇంకోచోట గడ్డగానే ఉంటుంది. మే నెలలో వంటగది గట్టు మీద పెట్టి మర్చిపోతే పాము కడుపులోకి వెళ్లకముందే కుళ్లడం మొదలవుతుంది. కక్కడానికి అదొక్కటే చాలు.

ఆయకట్టు_గట్టు (మిర్యాలగూడ)
ఎలుక బరువు తూకమేసిన్రా? 640 గ్రాముల పాముకు 35–45 గ్రాములు, రెండు వారాలకు ఒకసారి చాలు. పాము నడుము లావు కంటే ఎలుక మరీ లావుండొద్దు. థర్మామీటర్ అద్దానికి పైన అతికిస్తే గాలి వేడి చూపెడుతది. ప్రోబ్ (వైరు కొసకుండే వేడి కొలిచే ముక్క) పాము పండే నేల మీద ఉండాలె. ఎండకాలం మనదిక్కు పడమటి గోడకు పెట్టె ఆనిస్తే చల్లటి దిక్కే ఉండదు, 35 దాటితే ప్రమాదం.

ఎలుకలు దొరకలేదని వరి పొలాలల్ల పట్టినయి పెట్టకుండ్రి. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ అసొంటి ఎలుకల మందు తిన్నదైతే మందు పాముకెక్కుతది. ఈ పోస్టు చదివేటోళ్లకు ఇంకొక మాట: పొలంల దొరికిన కొండచిలువ పిల్లను, జెర్రిపోతును ఇంట్ల పెంచుడు 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అటవీశాఖకు చెప్పాలె.

సాగర్_రోడ్ (నల్లగొండ)
ఫ్రీజర్‌ల ఉన్నవి తూకమేసిన, ఒక్కొక్కటి 85 గ్రాములు! థర్మామీటర్ కూడ అద్దానికి పైన్నే ఉన్నది. ఇయ్యాల్నే ప్రోబ్ తెస్త, 14 రోజులు ముట్ట. కొక్కెం లేదు, కర్ర వాడొచ్చా?

పిల్లలమర్రి_నీడ (పాలమూరు)
వాడొచ్చు. రెండడుగులది, కొసకు గరుకు లేకుండ బట్ట చుట్టండ్రి. ఎలుకను పట్టే పట్కారును మాత్రం దీనికి వాడకుండ్రి, వాసన అంటుకొని ఉంటది.